750 కిలోలు ఎత్తే ట్రాక్టరు, 8 ట్రేలకే ముందు చక్రాలు లేపింది

మా మామిడి తోట నూజివీడుకి దగ్గర్లో ఉంది. తొమ్మిదెకరాలు. ఎక్కువ భాగం బంగినపల్లి, గట్ల వెంట చిన్న రసాలు, ఓ మూల కలెక్టరు కాయ చెట్లు. నాన్న 30 అడుగుల ఎడంతో నాటినవి. ముప్ఫై ఏళ్లు దాటేసరికి కొమ్మలు ఒకదాన్నొకటి అందుకున్నాయి. అద్దెకొచ్చే 45 హెచ్‌పీ ట్రాక్టరు లోపలికి వెళ్లిందంటే పది కొమ్మలు విరిగేవి. అందుకే మూడేళ్ల కిందట 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు కొన్నాం. నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్న బండి. దున్నడానికి గానీ, మందు కొట్టడానికి గానీ దానికి వంక పెట్టేదేం లేదు.

మిగిలింది కాయ మోత. ఏప్రిల్ మొదలు మే ఆఖరు దాకా కోతే కోత. చిక్కంతో దింపిన కాయకి ముచ్చిక కత్తిరించి, సొన కారిపోయేదాకా బోర్లించి, ఆ తర్వాత ట్రేల్లో సర్దుతాం. ట్రేకి 20 కిలోల కాయ, ట్రే బరువు ఇంకో 2 కిలోలు. అక్కణ్నుంచి నున్న మార్కెట్‌కి వెళ్లే వ్యాను ఆగే చోటికి లోపలి చెట్ల నుంచి 300 మీటర్లు ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ దూరమంతా తల మీద మోతే. కోతకొచ్చే వాళ్లలో సగం మంది యాభై దాటిన ఆడవాళ్లు. పదకొండు గంటలయ్యేసరికి ఎర్రనేల కాలిపోతుంటుంది. వాళ్లు మెడ మీద చెయ్యేసుకుని కాసేపు చెట్టుకి ఆనుకుని నిలబడటం చూస్తే నాకు ఆ పూట కాయ బాగా దిగిందన్న సంతోషం కూడా ఉండేది కాదు. దానికి తోడు సాయంత్రం మబ్బు పట్టిందంటే ఒకటే టెన్షన్. కోసిన కాయంతా చెట్ల కింద ఉంటుంది, గాలివాన నెత్తి మీదకొస్తుంటుంది.

మొదట ట్రాక్టరు వెనక లాగే ట్రక్కు కొందామనుకున్నాం. మినీ ట్రాక్టరుకి తగ్గ టన్ను ట్రక్కులు దొరుకుతున్నాయి. పక్క తోట బావ దగ్గర ఒకటి ఉంటే రెండు రోజులు తెచ్చి వాడి చూశాం. సాలు పొడుగ్గా ఉండి, చివర తిరగడానికి చోటున్న తోటయితే ట్రక్కే మేలు, నేను కాదనను. మా తోటలో చివరికి వెళ్లాక తిరగడానికి చోటు లేదు. చెట్ల మధ్య ట్రక్కు రివర్సు చేయడం నా వల్ల కాలేదు, ఇరవై ఏళ్లుగా ట్రాక్టరు తోలుతున్న తమ్ముడి వల్లా కాలేదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఎత్తు. ట్రక్కు అడుగు నడుము ఎత్తున ఉంటుంది. తల మీద మోత తప్పినా ప్రతి ట్రేనీ నడుము దాకా లేపాల్సిందే.

అప్పుడే ట్రాక్టరు వెనక లిఫ్ట్‌కి తగిలించే క్యారియర్ ఆలోచన వచ్చింది. గొర్రు, రోటావేటరు తగిలించే చోటే ఒక పలక తగిలించడం. కిందికి దింపితే చీలమండ ఎత్తుకొస్తుంది. ట్రేని నేల మీద జరిపినట్టు జరిపి పెట్టొచ్చు. పైకి లేపితే బండితో పాటే వస్తుంది, బండి ఎక్కడ తిరిగితే అదీ అక్కడ తిరుగుతుంది.

విజయవాడ వైపు పనిముట్ల షాపులు నాలుగు తిరిగాను. మూడు రకాలు కనిపించాయి. ఒకటి ఫోర్కు, రెండు ఇనుప కొమ్ములుంటాయి. కాయని చెక్క ప్యాలెట్ల మీద సర్దుకునే గోదాములకి బాగుంటుంది, మా దగ్గర ప్యాలెట్లు లేవు. రెండోది పెట్టె, వెనక తలుపు తీసి బోర్లించేది. పశువుల ఎరువుకి, మట్టికి చక్కగా సరిపోతుంది, ట్రేలు దింపాలంటే అంచు అడ్డం. మూడోది బల్లపరుపు ప్లాట్‌ఫారం. సి ఛానల్ ఫ్రేము మీద 5 ఎంఎం చెకర్ ప్లేటు (గళ్ల ఇనుప రేకు) పరిచి, 120 సెంటీమీటర్ల చదరంగా ఉంది. చూడగానే గట్టిగా అనిపించింది. గట్టిదనానికి బరువు రూపంలో ధర కట్టాల్సొస్తుందని అప్పుడు తట్టలేదు.

"మా బండి చిన్నది, సరిపోతుందా?" అని అడిగాను. షాపతను పిన్ను తీసి చూపించాడు. "22 ఎంఎం పిన్నండీ. మీ బండికీ ఇదే. సరిపోద్ది." నిజమే, మా లిఫ్ట్‌కి కింద ఉండే రెండు ఇనుప చేతుల కంతల్లోకి 22 ఎంఎం పిన్నే వెళ్తుంది, పైన మధ్యలో ఉండే టాప్ లింకుకి 19. ఆ మాట నమ్మి 18,500 కట్టి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి తగిలించబోతే తెలిసింది, పిన్ను లావు కలిసినంత మాత్రాన సరిపోదని. ఆ క్యారియర్ మా బండి కన్నా పెద్ద ట్రాక్టర్లకి వాడే కేటగిరీ 1 కొలతతో చేసింది. దాని రెండు కింది బ్రాకెట్ల మధ్య 68 సెంటీమీటర్లు. మా బండి కేటగిరీ 1ఎన్, అంటే అదే పిన్ను, ఇరుకు కొలత. మధ్య దూరం 40 సెంటీమీటర్లే. చేతుల్ని పక్కలకి లాగి బలవంతంగా తగిలించి చూశాం. చేతులు పక్కలకి ఊగకుండా పట్టే చెక్ చైన్లు బిగుసుకుపోయాయి, చేతులు టైర్లని ఒరుసుకుంటున్నాయి. ఒక్క అంగుళం కూడా లేపకుండానే దింపేశాం. కొనబోయే వాళ్లెవరైనా షాపుకి వెళ్లేటప్పుడు పిన్ను కొలత కన్నా ముందు ఈ వెడల్పు కొలత రాసుకుని వెళ్లండి. ఒక టేపు, రెండు నిమిషాలు చాలు.

వెనక్కిస్తే తీసుకోనన్నారు. సరే, మార్పించుకుందామని మా ఊరి వెల్డింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. బ్రాకెట్లు కోసి లోపలికి జరపడం పెద్ద పని కాదు. కంతల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. మేస్త్రి కొత్త పలకలకి గ్యాస్‌తో కంత కొట్టబోయాడు. "బాబూ, ఐదు నిమిషాల పని, లేత్ షాపుకెందుకు" అన్నాడు. నేను వద్దన్నాను. గ్యాస్‌తో కోసిన కంత గుండ్రంగా రాదు, అంచు గరుకుగా, అక్కడక్కడా పలుచగా ఉంటుంది. పిన్ను అందులో ఆడుతుంటే ప్రతి కుదుపుకీ ఆ కంత ఇంకాస్త సాగుతుంది, ఏదో ఒక రోజు పలక చిట్లుతుంది. నూజివీడు తీసుకెళ్లి 10 ఎంఎం పలకలు నాలుగింటికి డ్రిల్లింగ్ వేయించుకొచ్చాను. పిన్నుకి ఒక పక్కే పలక కాకుండా రెండు పక్కలా పలకలుండేలా, మధ్యలో మా లింకు బంతి, అంటే చేతి చివర పిన్ను దూరే కంత ఉన్న బంతి, కూర్చునేలా పెట్టించాను. మేస్త్రి ముందు విసుక్కున్నా, పిన్ను చేత్తో తోస్తే నూనె రాసినట్టు దూరి ఇటూ అటూ కదలకుండా కూర్చోవడం చూసి, "ఇది బావుంది బాబూ, ఇకనించి అందరికీ ఇలాగే చేస్తా" అన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో మొదటి కోత. ఎనిమిది ట్రేలు పెట్టాం. మొత్తం 176 కిలోలు. బండి పుస్తకంలో లిఫ్ట్ 750 కిలోలు ఎత్తుతుందని రాసుంది. లివరు లాగగానే ఆడుతూ పాడుతూ లేపింది. చదును నేల మీద బాగానే వచ్చింది, స్టీరింగు మాత్రం చేతికి తేలిగ్గా, ఖాళీగా తగిలింది. అప్పుడే అనుమానించాల్సింది. తోటకీ రోడ్డుకీ మధ్య నాలుగడుగుల గట్టుంది, దాని మీదికి ఎక్కుడు బాట. ఎక్కుడు మొదలెట్టగానే బానెట్టు నా కళ్ల ముందు మెల్లగా పైకి లేచింది. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి. స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తను పోతోంది. కాలు క్లచ్ మీదికి, చెయ్యి లిఫ్ట్ లివరు మీదికి వాటంతటవే వెళ్లాయి. క్లచ్ నొక్కగానే ముందు చక్రాలు దబ్బున పడ్డాయి, వెనక ప్లాట్‌ఫారం నేలకి ఆనింది. బ్రేకు నొక్కి పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ట్రేల పక్కన నడిచొస్తున్న తమ్ముడు రెండు చేతులతో వెనక ఫ్రేము పట్టుకుని నిలబడిపోయాడు. ఆ చేతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది. బండి వెనక్కి తిరగబడి ఉంటే వాడు దాని కిందే ఉండేవాడు.

ఆ రోజు కాయంతా మళ్లీ తల మీదే రోడ్డెక్కింది. రాత్రి నిద్ర పట్టలేదు. 750 ఎత్తే బండి 176కే ఎందుకు లేచింది?

ఆలోచిస్తే సమాధానం మా చిన్నప్పటి ఏతాంలో దొరికింది. ఏతాం దూలం మీద మనిషి వెనక్కి నడిచిన కొద్దీ అటు చివర బాన పైకి లేస్తుంది. మనిషి బరువు మారలేదు, మధ్య గుంజ నుంచి దూరం మారింది. ట్రాక్టరుకి వెనక ఇరుసే ఆ గుంజ. పుస్తకంలో రాసిన 750 కిలోలు లింకు చేతుల చివర, బంతుల దగ్గర కొలిచిన లెక్క. అది లిఫ్ట్ సత్తా చెబుతుంది. ముందు చక్రాలు నేల మీద ఉంటాయా లేదా అన్నది చెప్పదు.

మర్నాడు బండి వేసుకుని వేబ్రిడ్జికి వెళ్లాను. కాటా అతనికి విషయం చెప్తే తనే ఉత్సాహంగా బయటికొచ్చి సైగలు చేస్తూ బండిని జరిపించాడు. ముందు మొత్తం బండి కాటా మీద పెట్టాం. నాతో కలిపి 720 కిలోలు. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, వెనకవి బయట. 280. అంటే ముందు ఇరుసు మీద ఉండేదే అంత. ఆ పైన క్యారియర్ తగిలించి, అవే ఎనిమిది ట్రేలు పెట్టి, లేపి, మళ్లీ ముందు చక్రాలు కాటా మీదికి. అంకె దిగుతూ దిగుతూ 40 దగ్గర ఆగింది. చదును సిమెంటు మీదే నలభై కిలోలు! దాంతో గట్టెక్కబోయానన్నమాట.

ఖాళీ క్యారియర్‌ని విడిగా తూస్తే 130 కిలోలుంది. అది నన్ను ఇంకా బాధపెట్టింది. నేను మోయాలనుకున్నది మామిడికాయల్ని, మోస్తున్నది ఇనుముని.

లెక్క ఎవరైనా వేసుకోగలిగిందే, రాస్తాను. వెనక ఉన్న బరువుని, వెనక ఇరుసు నుంచి అది ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో గుణించాలి. వచ్చినదాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరంతో భాగించాలి. వచ్చిన కిలోలు ముందు చక్రాల మీద నుంచి పోతాయి. మా బండి ఇరుసుల మధ్య దూరం 156 సెంటీమీటర్లు. ట్రేల నడిమధ్య వెనక ఇరుసు నుంచి 130 సెంటీమీటర్లు. 176ని 130తో గుణించి 156తో భాగిస్తే 147 దాకా వస్తుంది. క్యారియర్ బరువు 130, దాని మధ్య 110 సెంటీమీటర్ల దూరం, దాని వాటా 92. రెండూ కలిపి 239. 280లోంచి తీసేస్తే 41. కాటా చూపించింది 40. కాగితం మీదా, కాటా మీదా ఒకే అంకె రావడం చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఇక గుడ్డిగా చేసే పని లేదు, ముందే లెక్కేసి చేయొచ్చు.

ముందు చక్రాల మీద బండి సొంత బరువులో కనీసం ఐదో వంతు ఉండాలన్నది ట్రాక్టర్ల విషయంలో అందరూ పాటించే కొలత. అంతకన్నా తగ్గితే స్టీరింగు, ముందు డ్రైవ్ రెండూ పేరుకే. మా బండి నేను లేకుండా 650 కిలోలు, కాబట్టి 130 తగ్గకూడదు. దానికి మూడు దార్లు: క్యారియర్ బరువు తగ్గించడం, సరుకుని ఇరుసుకి దగ్గరగా తేవడం, ముందు బరువులు వేయడం. మూడూ చేశాం.

ఈసారి మేస్త్రి దగ్గరికి కొలతలు రాసిన కాగితంతో కాదు, నాలుగు ఖాళీ ట్రేలతో వెళ్లాను. షెడ్డు ముందు నేల మీద పెట్టాం. ట్రే 54 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు. రెండు ట్రేలు అడ్డంగా పక్కపక్కన, వాటి వెనక ఇంకో రెండు. మేస్త్రి వాటి చుట్టూ సుద్దతో గీత గీసి ట్రేలు తీసేశాడు. నేల మీద మిగిలిన ఆ గీతే మా కొత్త క్యారియర్. వెడల్పు 110 సెంటీమీటర్లు, లోతు 74. పాతదాంట్లో లోతు 120. అంటే వెనక్కి పొడుచుకొచ్చిన 46 సెంటీమీటర్లు మాకు ఏ ఉపయోగమూ లేకుండా బండి ముందుని లేపుతూ ఉన్నాయి. ట్రేలు వెనక్కి పరవకుండా పైకి పేర్చుకోవాలి. నాలుగు చొప్పున మూడు వరసలు, పన్నెండు ట్రేలు. ట్రే అంచు మీద ట్రే కూర్చుంటుంది కాబట్టి కింది కాయ నలగదు.

చెకర్ ప్లేటు పూర్తిగా పీకించేశాం. అదొక్కటే 58 కిలోలు తూగింది. దాని చోట 40 ఎంఎం వెడల్పు ఇనుప పట్టీలు తొమ్మిది, మధ్య సందులతో వేయించాం. అవి 16 కిలోల లోపే. సందులుండటం వల్ల మట్టి, ఆకు, వాన నీళ్లు కిందికి రాలిపోతాయి, పలక మీద జారినట్టు ట్రేలు జారవు. చుట్టూ రెండంగుళాల ఇనుప యాంగిల్ అంచు. ట్రాక్టరు వైపు మాత్రం 90 సెంటీమీటర్ల ఎత్తున పైపు ఫ్రేము, ట్రేలు డ్రైవరు వీపు మీదికి రాకుండా. అన్నీ అయ్యాక క్యారియర్ బరువు 85 కిలోలు.

ముందు బరువుల విషయంలో చాలామంది ఇసక బస్తాలు కట్టేస్తే పోలేదా అన్నారు. కుదుపుకి తాడు వదులై బస్తా ముందు టైరు కింద పడితే? నేను ఒప్పుకోలేదు. బండికి ముందు బరువులు తగిలించే బ్రాకెట్టు ఉంది, 20 కిలోల పోత ఇనుప దిమ్మెలు నాలుగు తెచ్చి బోల్టు వేశాం. 80 కిలోలే అయినా అవి ముందు ఇరుసుకి ఇంకా ముందుండటం వల్ల ముందు చక్రాల మీద 105 కిలోలకి పైగా పడుతుంది. ఏతాం ఇక్కడ మన వైపు పనిచేస్తుందన్నమాట.

మళ్లీ వేబ్రిడ్జి. పన్నెండు ట్రేలు, 264 కిలోలు, లేపి ఉంచి. ముందు చక్రాల మీద 170. కాటా అతను చీటీ చించి ఇస్తూ, "డబ్బులొద్దులెండి, మే నెలలో రెండు కాయలు తెచ్చివ్వండి" అన్నాడు. రెండు కాదు, ఒక ట్రే తీసుకెళ్లి ఇచ్చాను.

అంతటితో అయిపోలేదు. బండి లేవడం ఆగింది, కాయ దెబ్బ తినడం ఆగలేదు. మొదటి రెండు మోతల్లో వచ్చిన కాయని పరీక్షకని ఇంట్లో గడ్డిలో మాగబెట్టాను. నాలుగో రోజు పైకి పసుపుగా, నున్నగా, లోపం లేకుండా ఉన్నాయి. బొటనవేలితో తడుముతుంటే ఒక కాయకి భుజం కింద రూపాయి బిళ్లంత చోట వేలు మెత్తగా దిగింది. కోసి చూస్తే ఆ మేరకి కండ గోధుమ రంగులో, నీరు కారుతూ ఉంది. కింది వరస ట్రేల్లో అలాంటివి ఇంకా దొరికాయి. మార్కెట్లో కొన్నవాడికి ఈ దెబ్బ కొన్నప్పుడు కనబడదు, ఇంటికెళ్లాక కనబడుతుంది. మళ్లీ మన కాయ కొంటాడా?

కారణం దింపడంలో ఉంది. లివరు కిందికి తోయగానే ప్లాట్‌ఫారం ధన్‌మని నేలకి తగులుతోంది. గొర్రుకైతే ఆ వేగం కావాలి, కాయకి పనికిరాదు. సీటు కింద దింపే వేగాన్ని తగ్గించే గుండీ ఒకటి ఉంటుంది, మూడేళ్లుగా దాని జోలికే పోలేదు. బాగా బిగిస్తే ఇప్పుడు ప్లాట్‌ఫారం నిండు గర్భిణి కూర్చున్నంత నిదానంగా దిగుతోంది. ట్రేల అడుగున ఎండు వరిగడ్డి పలుచగా పరుస్తున్నాం.

రెండోది ఊగడం. చెక్ చైన్లు వదులుగా ఉంటే క్యారియర్ పక్కలకి ఊగి కాయ కాయకి రాసుకుంటుంది, చెట్టు మొదలుకి కూడా కొట్టుకోవచ్చు. ట్రేలు పెట్టే ముందే రెండు పక్కలా సమంగా బిగిస్తాం. టాప్ లింకుని రెండు చుట్లు కుదించి ప్లాట్‌ఫారం లేపినప్పుడు కాస్త బండి వైపు వాలేలా పెట్టుకున్నాం. ట్రేలు ట్రాక్టరు వైపు ఫ్రేముకి ఆనుకుని కూర్చుంటాయి, వెనక్కి జారవు. తాడు మాత్రం ఎప్పుడూ కడతాం.

ఇంకొకటి మేస్త్రి ఆలోచనే. ప్లాట్‌ఫారం కింద నాలుగు మూలలా జానెడు కాళ్లు పెట్టాడు. ట్రేలు ఎక్కించేటప్పుడు బరువు కాళ్ల మీద ఉంటుంది, హైడ్రాలిక్ మీద కాదు. ఇంజను ఆపితే ఏ లిఫ్ట్ అయినా మెల్లగా కిందికి దిగుతుంది. లేపి ఉంచిన క్యారియర్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదని కోతకొచ్చే వాళ్లందరికీ మొదటి రోజే చూపించి మరీ చెప్పాను.

గట్టు ఎక్కుడికి రెండు ట్రక్కుల గ్రావెల్ పోయించి వాలు తగ్గించాం. బరువుతో ఆ ఎక్కుడు ఎప్పుడూ రివర్సులోనే ఎక్కుతాను. సరుకు ఎగువ వైపు ఉంటే ముందు చక్రాల మీద బరువు తగ్గదు. లో గేరు, నాలుగు చక్రాల డ్రైవ్, పక్కన మనిషి ఉండకూడదు. పైన వ్యాను పక్కకి వెళ్లాక ప్లాట్‌ఫారాన్ని మోకాలి పై దాకా లేపి ఉంచితే, ఇద్దరు మగవాళ్లు ట్రేలని వంగకుండా వ్యాన్లోకి అందించుకుంటారు.

ఖర్చు చెప్పాలంటే క్యారియర్ 18,500, రెండు విడతల మార్పులకి 7,000, ముందు బరువులకి 9,000. మొత్తం 34,500. నేరుగా ట్రేలు తీసుకుని మేస్త్రి దగ్గరికే వెళ్లి ఉంటే క్యారియర్ 13 వేల లోపు అయ్యేది. కొన్నది ఎక్కువ పెట్టి కొన్నానన్న బాధ ఉంది. ముందు బరువుల మీద పెట్టిన 9,000కి మాత్రం ఒక్క రూపాయి బాధ లేదు.

జూన్ తర్వాత అదే క్యారియర్ ఎరువులకి వాడుతున్నాం. 45 కిలోల యూరియా బస్తాలు ఐదు పెడితే 225 కిలోలు, లెక్కలోనే ఉంది. మొక్కల మొదళ్లకి మందు నీళ్లు పోయడానికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూశాం. నిండుగా ఉన్నంతసేపు ఫరవాలేదు, సగానికొచ్చాక నీళ్లు అటూ ఇటూ కొట్టి బండినే ఊపుతున్నాయి. దానికి రెండు 100 లీటర్ల డ్రమ్ములు పెట్టి, ఒకటి పూర్తిగా అయ్యాకే రెండోది తెరుస్తున్నాం.

ఒక మాట మీద మాత్రం నేను కఠినంగా ఉన్నాను. క్యారియర్ మీద మనిషి ఎక్కకూడదు. మా కోత బృందంలో పెద్దావిడ ఉంది, నాన్న హయాం నుంచీ వస్తోంది, నేను పెద్దమ్మా అనే పిలుస్తాను. మార్పించాక మొదటి రోజు ఖాళీ క్యారియర్ తోట లోపలికి వెళ్తుంటే, "అబ్బాయ్, అక్కడి దాకా దీని మీద కూర్చుంటా, మోకాళ్లు లాగుతున్నాయి" అంది. కాదనడానికి నాకు నోరు రాలేదు, అయినా కాదన్నాను. గట్టు దగ్గర బండి లేచిన రోజు సంగతి కూర్చుని మొత్తం చెప్పాను, తమ్ముడి చేతులు ఎక్కడున్నాయో కూడా. ఆవిడ విని, "సర్లే నాయనా, నడుస్తా" అని లేచింది. ఆ రోజు నుంచి ఆవిడకి వ్యాను దగ్గరి చెట్లే ఇస్తున్నాం. లోపలికి రావాల్సొస్తే తన అన్నం క్యారేజీ, నీళ్ల సీసా, చిక్కం కర్ర క్యారియర్ మీద పెట్టి, తాడు సరిగ్గా కట్టానో లేదో లాగి చూసి, బండి వెళ్లాక వెనక మెల్లగా నడిచొస్తుంది.